అవ్వకు మోచెయ్యి అందించిన ఆడమనిషి

మాది గోదావరిఖని. బొగ్గుబాయిల చచ్చిపోయినోళ్ళు షిఫ్టు మారేటప్పుడు కనిపిస్తరని చెప్పుకునే ఊర్ల పుట్టి పెరిగిన. నాయిన బాయిపనే చేసిండు. ఆ కథలు ఒక్కటి గూడ నేను నమ్మలే. నాది ల్యాబు చదువు. రక్తంల ఏమున్నదో మిషన్ చెప్తే అదే నాకు నిజం. ఇప్పుడు రాసేది గూడ నమ్మి రాస్తలేను. జరిగింది గనుక రాస్తున్న.

తెలంగాణ వచ్చిన ఏడు నేను సియెర్రా లియోన్ల ఉన్న. ఎబోలా రోగుల కోసం టెంట్లతోని కట్టిన దవాఖాన, దాని పక్కన మా ల్యాబు. అనుమానం ఉన్నోళ్ళ రక్తంల వైరస్ ఉన్నదా లేదా చూసుడు నా పని. చచ్చిపోయేటోళ్ళల్ల అది ఎట్ల పెరుగుతున్నది, బతికి బయటపడేటోళ్ళల్ల ఎట్ల తగ్గుతున్నది అని డాక్టర్లు పరిశోధన చేస్తుండిరి. మందు ఇంకా చేతికి రాలే. సెలైన్ ఎక్కిచ్చి, ఒంట్లకెళ్ళి పోయిన నీళ్ళు పోయినట్టు పూడ్చుడే వైద్యం.

ఆ రోగం గాలికి రాదు. జబ్బు మనిషి రక్తం, వాంతి, చెమట ముట్టుకుంటే వస్తది. పీనుగను ముట్టుకుంటే ఇంకా ఎక్కువ. అందుకే అక్కడ ఎవ్వరూ చేతులు కలపకపోయేది. మోచేతికి మోచెయ్యి తాకిచ్చి పలకరించుకునేటోళ్ళు.

దవాఖాన చుట్టూ ప్లాస్టిక్ జాలితోని కంచె ఉండె. దాని అవతల ఒక తల్లి రోజూ నిలబడేది. ఆమె కొడుకు లోపల ఉండె. బయటికొచ్చిన ప్రతి మనిషికీ అరచెయ్యి తొడదాకా దించి, గింతంత పిల్లగాడు, ఎట్లున్నడు అని అడిగేది. నన్ను గూడ అడిగింది. ఆ సంగతి చెప్పేటందుకు వేరే మనుషులు ఉండిరి. వాళ్ళు చెప్పేలోపలనే ఆమెకు జ్వరం ముట్టింది, లోపలికి తీసుకొచ్చిన్రు. పిల్లగాడు అప్పటికే పోయిండు. ఆమెకు సోయి లేదు, చెప్పినా ఆమె చెవికి ఎక్కలేదని నర్సు అన్నది. తర్వాత ఆమె గూడ పోయింది.

నా కాంట్రాక్టు అయిపోయి ఇంటికొచ్చిన. రోగం ఒంట్ల ఉంటే ఇరవయ్యొక్క రోజులల్ల బయటపడ్తది. అందాక రోజూ జ్వరం చూసుకోమన్నరు. ఇంట్ల అక్క పిల్లలున్నరు. నాకు ధైర్యం చాల్లే. మా బావకు గోలేటి బాయికి ట్రాన్స్‌ఫర్ అయ్యి, ఆయన కంపెనీ క్వార్టర్ ఖాళీగ ఉండె. అండ్ల ఒక్కణ్ణే ఉన్న. గేటుకు అడ్డంగ తాడు కట్టి, ఎవ్వరూ దాటొద్దని చెప్పిన.

మా అవ్వ, నన్ను కన్నతల్లి, రోజూ పగటీలి అన్నం గిన్నె తెచ్చి తాడు కాడ పెట్టేది. ఓపెన్‌కాస్టు బాయిల బ్లాస్టింగుకు కిటికీలు అదిరే యాళ్ళకు గిన్నె తీసుకపోను మళ్ళ వచ్చేది.

ఒకనాడు గేటు కాడ అవ్వ ఎవలతోనో మాట్లాడుతున్నది. కిటికీల నుంచి చూసిన. అవ్వ తప్ప ఎవ్వరు లేరు.

"ఎవలతోని మాట్లాడుతున్నవే?"

"గీ పిల్లతోని. రోజూ గీడనే నిలబడ్తది. ఒరిస్సా దిక్కుదేమో, మన మాట తెల్వది."

కాంట్రాక్టు పనులకు వచ్చినోళ్ళు ఆ పక్కనే గుడిసెలేసుకొని ఉండిరి. అవ్వ కండ్లకు పొర గూడ వచ్చింది. ఎవలో వచ్చి పోయుంటరు, అవ్వకు తెలుస్తలేదు అనుకున్న.

"ఏమంటది?"

"ఏమనది బిడ్డా. నువ్వున్న దిక్కు జూపెట్టి, గింతంత అంటది." అవ్వ తన అరచెయ్యి తొడదాకా దించింది. "పిల్లగాడు తప్పిపోయిండేమో పాపం. చెయ్యి పట్టుకుందామంటే ఇయ్యది. గిట్ల మోచెయ్యి సాపుతది. ఏం రివాజో!"

అవ్వ మోచెయ్యి మడిచి నాకు చూపెట్టింది.

కంచె అవతల నిలబడ్డ ఆ తల్లి ముచ్చట ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే. మోచెయ్యి సంగతి టీవీల చూసిందేమో అనుకున్న. అయి ఉండొచ్చు. కానీ పిల్లగాని ఎత్తు ఏ టీవీల చూపెట్టిన్రు?

తెల్లారి జ్వరం చూసుకున్న, లేదు. పగటీలి అవ్వ వచ్చింది.

"ఉన్నదా?" అన్న.

"ఉన్నది. నీ దిక్కే చూస్తున్నది."

నాకు కనిపించలే. అయినా సియెర్రా లియోన్ల మాట్లాడే భాషల నాకొచ్చిన నాలుగు ముక్కలల్ల చెప్పిన. నీ కొడుకు లేడమ్మా, పోయిండు అని.

"అయ్యో, కూలబడ్డది!" అని అవ్వ వంగింది. రెండు చేతులు చాపి, ఎవలనో చంకల కింద పట్టి లేపుతున్నట్టు లేపింది.

"ముట్టకు అవ్వా! ముట్టకు!" అని ఒర్రిన. ఆ అరుపు నా నోట్లకెళ్ళి ఎట్లొచ్చిందో తెల్వది. అవ్వ అప్పటికే ఆమెను గేటు దిమ్మెకు ఆనిచ్చి కూసోబెట్టినట్టు చేసి, నా దిక్కు కోపంగ చూసింది.

"ఒళ్ళు కాలిపోతున్నది పిల్లకు. గట్ల ఇడిసిపెడ్తరా?"

బ్లీచింగ్ నీళ్ళ బకీటు తాడుదాకా జరిపి, మోచేతులదాకా కడుక్కోమని బతిలాడిన. గొణుక్కుంటనే కడుక్కున్నది. మళ్ళ అటు చూసి, "పోయినట్టున్నది" అన్నది. ఆ తర్వాత ఆమె మళ్ళ కనిపించలే అని అవ్వ చెప్పింది.

నాకు రోగం రాలే. గడువైనంక ఇంటికి పోయిన. కానీ అవ్వకు పొద్దుమాపు జ్వరం చూసుడు మొదలువెట్టిన. అవ్వ పక్కన పండుకునే అక్క బిడ్డను వేరే అర్రల పండబెట్టిన. అవ్వ తాగిన గిలాస వేరే పెట్టిన. "కన్నతల్లిని గట్ల చూస్తవేందిరా?" అని అక్క ఏడ్సింది. ఏం చెప్పాలె? ఆ దేశంల కాలవెట్టని అవ్వకు ఆ రోగం రాదని నాకు తెల్సు. తెల్సి గూడ ఆమె దగ్గినప్పుడల్ల థర్మామీటర్ అందుకునేటోణ్ణి. ఇరవయ్యొక్క రోజులు పూర్తిగ చూసిన. ఏం కాలే.

అవ్వ తర్వాత కొన్నేండ్లు బతికి, ముసలితనంతోని పోయింది. మంచంల ఉన్నప్పుడు ఒకసారి అడిగిన, ఆ రోజు గేటు కాడ నిజంగనే నీ చేతికి మనిషి తగిలిందా అని.

అవ్వ నన్ను తిక్కోణ్ణి చూసినట్టు చూసింది.

"తగలకుంటే ఎట్ల లేపిన బిడ్డా? మస్తు బరువుండె."