శౌరయ్య కోసిన ఆకు

సంపూర్ణమ్మ విజయవాడ శివార్లలో ఓ ఫార్మసీ కాలేజీ ల్యాబులో అటెండరు. పట్టుకాయలు కత్తిరించి లోపలి పురుగును తీసేయడం, సోడా నీళ్ళలో మరిగించి జిగురు వదలగొట్టడం, పోగులు కడిగి ఆరబెట్టడం ఆమె పని. వినీల మేడమ్ ఆ పోగుల్ని కరిగించి, గడ్డిచామంతి రసం కలిపి, పల్చటి పొరలుగా పోసేది. మొండి పుండ్లను మాన్పే పట్టీ తయారుచేయాలన్నది ఆవిడ పరిశోధన.

ఆ ఆకు తెచ్చేది సంపూర్ణమ్మ భర్త శౌరయ్య. గన్నవరం దగ్గర వాళ్ళ పేట పక్కనే, కాలువ గట్టంతా గడ్డిచామంతి. కూలిపని లేనినాడు సంచి నిండా కోసి, మన్ను దులిపి ఇచ్చేవాడు. చిన్నప్పుడు కొడవలితో చెయ్యి తెగితే ఆ ఆకే పిండుకున్న మనిషి. "ఇన్నాళ్ళకి చదువుకున్నోళ్ళకి దీని విలువ తెలిసింది" అని మురిసిపోయేవాడు. ల్యాబులో పట్టీ వేసి చూసే ఎలకల వీపు మీద గాయం ఎలా పూడిందో, మళ్ళీ బొచ్చు ఎలా మొలిచిందో సంపూర్ణమ్మ అన్నాలప్పుడు కథలా చెప్పేది.

శౌరయ్యకి ఏళ్ళ తరబడి షుగరు. పాదాలకి స్పర్శ పోయింది. ఓ వానాకాలం చెప్పులో చిక్కిన గులకరాయి పొద్దంతా మడమను తొలిచినా అతనికి తెలియలేదు. సాయంత్రం చెప్పు విప్పితే నెత్తురు. ఆ పుండు మానలేదు. పేటలో కట్టు కట్టే నర్సమ్మ, బెజవాడ పెద్దాసుపత్రికి వెళ్ళమని చెప్పింది.

"అక్కడికెళ్తే కాలు కోసి పారేస్తారు. మీ మేడమ్ దగ్గర పట్టీ ఉందిగా, ఒకటి అడుగు" అన్నాడు శౌరయ్య.

సంపూర్ణమ్మ అడిగింది. వినీల చేతిలో పని ఆపేసింది.

"అది మనుషులకి వాడేది కాదు సంపూర్ణమ్మా. ఎలకలకి మనం శుభ్రంగా చేసిన గాయం. శౌరయ్యగారిది చీము పట్టిన పుండు. దాని మీద వేస్తే లోపల ఏమవుతుందో నాకే తెలీదు. అనుమతి కూడా లేదు."

"ఎప్పటికి వస్తదండీ అనుమతి?"

"ఏళ్ళు పడుతుంది. మీరు ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కావాలంటే నేనూ వస్తాను."

ఆ మాట చెబితే శౌరయ్య నమ్మలేదు. "ఎలకలకి వేస్తారు గానీ నాకు వెయ్యరా? నేను కోసిన ఆకేగా అది! ఇస్తార్లే, నాలుగు రోజులు చూద్దాం."

సంపూర్ణమ్మ బతిమాలింది, తిట్టింది. ఆటోని వాకిట్లోకి పిలిచింది. అతను మంచం దిగలేదు. ఆమె డ్యూటీకి వెళ్ళాక తనే కుంటుకుంటూ గట్టుకు పోయి, ఆకు తెచ్చి, నూరి పుండులో కూరుకున్నాడు. సంపూర్ణమ్మ ఇంటికొచ్చి కట్టు విప్పేసరికి వాసన గుప్పుమంది. మడమ నల్లబడింది. అయినా ఆసుపత్రికి రానన్నాడు. ఆదివారం ప్రార్థనకి బయల్దేరే వేళకి ఒళ్ళు కాలిపోతూ, పిలిస్తే పలకని స్థితిలో ఉన్నాడు. పక్కింటివాళ్ళు ఆటోలోకి మోశారు.

చీము ఎముక దాకా పాకిందన్నారు డాక్టర్లు. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

వినీల వార్డుకి వచ్చింది. శౌరయ్య కళ్ళు తెరవలేదు. గుమ్మం దాకా సాగనంపుతూ సంపూర్ణమ్మ అడిగింది: "ఆ రోజు పట్టీ ఇచ్చుంటే కాలు నిలిచేదాండీ?"

వినీల చప్పున లేదనలేకపోయింది. "తెలీదు సంపూర్ణమ్మా. నిజంగా నాకు తెలీదు" అంది. లేదనే చెప్పి ఉంటే బాగుండేదని సంపూర్ణమ్మకు అనిపించింది. ఎలకల కబుర్లు ఇంటికి మోసింది తనే. ఆ మాట ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు.

ఇప్పుడు శౌరయ్య ఇంటిపట్టునే ఉంటాడు. మాట తగ్గింది. సంపూర్ణమ్మ మళ్ళీ డ్యూటీలో చేరింది. సాయంత్రం రాగానే అతని మిగిలిన పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ సందులు చూసి, అరికాల్ని గోటితో గట్టిగా నొక్కుతుంది.

"తెలుస్తుందా?"

"లేదు."

ఇంకాస్త గట్టిగా నొక్కుతుంది.