రెడ్డెమ్మ చెప్పిన మాట

ఏళ్ళ తరబడి ఒక బరువు మోస్తున్నాను. మా ఆవిడకు చెప్పలేదు. కువైత్‌లో ఒకే గదిలో కలిసి బతికినవాళ్ళకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఒక మనిషి నన్ను నమ్మి చెప్పిన మాటను నేను మార్చి చెప్పాను. ఆమె బతుకు దాంతో పాడైంది.

మాది కోనసీమ. కువైత్‌లో రుమైథియా అనే చోట ఒక ఇంట్లో డ్రైవరుగా ఉండేవాణ్ణి; వీసా ఇచ్చిన ఇంటి యజమానిని అక్కడ కఫీల్ అంటారు. అంతకుముందు అమలాపురంలో మోటారుసైకిళ్ళ షెడ్డులో పనిచేశాను కాబట్టి, మా కఫీల్ కొడుకు మోటారుసైకిలు బాగోగులు కూడా నా మీదే పడ్డాయి. అక్కడ సరదాకి బండి నడిపేది చలికాలంలోనే. ఎండలు ముదిరితే గుడ్డ కప్పి గ్యారేజీలో పెట్టేస్తారు. అలా పెట్టేముందు ట్యాంకు ఖాళీ చేయాలి. ఆ ఏడాది బద్ధకించాను. చలి మొదలయ్యేసరికి లోపలి పెట్రోలు రంగు మారి, వార్నీషు వాసన కొడుతోంది. దాన్ని తీసేసి, కార్బురేటరు కడిగి, కొత్తది పోస్తే తప్ప బండి కదిలేలా లేదు.

అదే ఇంట్లో రెడ్డెమ్మ పనిచేసేది. రాయచోటి వైపు మనిషి. వచ్చి కొద్ది నెలలే అయింది, అరబ్బీ ఇంకా పట్టుబడలేదు. చేపలు వండిన రోజున తలకాయలు నాకోసం దాచి, "మీ గోదారోళ్ళకు ఇది ఉంటే సాలు, ఇంగేం అక్కర్లా" అని నవ్వేది. ఇంటి యజమానురాలిని అక్కడ మామా అంటారు; మామా నడకను ఆమె వెనకాలే నడిచి చూపించి నన్నూ నవ్వించేది. ఆ ఇంట్లో నాతో తెలుగు మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

ఆ రోజు దుమ్ముగాలి. పాత పెట్రోలు ఆరుబయటే తీయాలని, మూసిన చోట ఆవిరి నిండితే ఒక్క నిప్పురవ్వ చాలని నాకు తెలుసు. షెడ్డులో మా మేస్త్రి అన్నిటికంటే ముందు నేర్పింది అదే. అయినా ఇసుక పడుతుందని గ్యారేజీ షట్టరు దించి, లోపలే ప్లాస్టిక్ బేసిన్‌లోకి దించాను. అంతలో మామా ఫోను. పిల్లల్ని బడి నుంచి తేవాలి, యల్లా, తొందరగా. కారు తీయడానికి బేసిన్ అడ్డం. దాన్ని పక్కనున్న బట్టలుతికే గదిలో, వాషింగ్ మిషన్ దగ్గర పెట్టి తలుపు మూశాను. వచ్చాక డబ్బాలో పోద్దాం, ఎంతసేపట్లే అనుకున్నాను. ఆమె ఆ వేళకు బట్టలు తెచ్చి వేస్తుందని నాకు తెలియదా? రోజూ చూస్తున్నదే కదా?

పిల్లలతో తిరిగి వచ్చేసరికి మంట ఆర్పేశారు. గది నల్లగా ఉంది. రెడ్డెమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళిపోయారు.

మర్నాడు మామా నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. రెడ్డెమ్మ రెండు చేతులకూ కట్లు, మెడంతా మందు. పెట్రోలు ఆ గదిలోకి ఎలా వచ్చిందో అడగమంది మామా. అడిగాను.

"ఆ బేసిన్ ముందే ఆడ ఉండాదన్నా. నేను ముట్టుకోనే లేదు. బండి వాసన రోజూ వచ్చేదే గదా అనుకుంటి. మిషన్ ఏస్తానే బగ్గుమనె." గొంతు తగ్గించింది. "నువ్వు పెట్టినావని మాత్రం సెప్పబాకు. ఎవురు పెట్టినారో తెల్దను, సాలు."

నా పేరు రాకుండా ఆమే దారి చూపించింది. ఆ దారిన కూడా నేను పోలేదు. పెట్రోలు ముట్టేది ఇంట్లో నేనొక్కణ్ణే, ఎవరో తెలియదంటే ఆ వేలు తిరిగి నా వైపే వస్తుంది, ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా పోతుంది, జైల్లో వేస్తారేమో, ఇవన్నీ రెప్పపాటులో లెక్కేసుకున్నాను. మామాకు అరబ్బీలో చెప్పాను: నేను గ్యారేజీలో ఉంచిన పెట్రోలును ఈమే లోపలికి తెచ్చిందట, బట్టల మీద గ్రీజు మరకలు పోవడానికి.

"సెప్పినావా అన్నా?" అంది రెడ్డెమ్మ.

"చెప్పేనమ్మా. అంతా చెప్పేను."

మామా ఆమె వైపు చూడనైనా చూడలేదు. "ఖలాస్" అని లేచింది.

కట్లు విప్పకుండానే ఇండియాకు పంపేశారు. ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళింది నేనే. "మామా ఒక మాటైనా మాట్లాడకపాయె. నేనేం జేసినానన్నా?" అని దారిలో అడిగింది. వాళ్ళు అంతేనమ్మా అన్నాను. ఆమె సంచీ మోసుకెళ్ళి ఇచ్చాను. ఆ వారమే బండిలో కొత్త పెట్రోలు పోశాను. మీట నొక్కగానే స్టార్టయింది. కఫీల్ కొడుకు నా భుజం తట్టాడు.

తర్వాత వాళ్ళ ఊరామె ఒకావిడ కువైత్‌లోనే అర్దియాలో కలిసింది. రెడ్డెమ్మ వేళ్ళు ముడుచుకుపోయాయట, మళ్ళీ సాగలేదట. తల కూడా చెల్లెలే దువ్వుతుందట. డ్రైవరన్న బాగున్నాడా అని నన్ను అడగమందట. బాగున్నానని చెప్పమన్నాను.

సెలవుకు వెళ్ళినప్పుడు ఒకసారి రాయచోటి దాకా పోదామని బయల్దేరి, కడపలో బస్సు దిగి వెనక్కి వచ్చేశాను. ఏమని చెప్పాలి? ఆమె పోనీలే అని ఊరుకుంటే ఏం చేయాలి? ఇప్పుడు ఆమె ఉందో లేదో కూడా తెలియదు. కనుక్కోలేదు. కనుక్కునే ధైర్యం వస్తుందని నాకు నమ్మకం లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఆ రోజు ఆసుపత్రిలో అనాల్సిన మాట మాత్రం ఇక్కడ అంటున్నాను. బేసిన్ అక్కడ పెట్టింది నేను. రెడ్డెమ్మ దాన్ని ముట్టుకోలేదు. ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. అంతే.