'వాడరాదు' అని స్టిక్కరు అంటించుకున్న నర్సు

కేరళలో కొట్టాయం జిల్లాలోని ఒక ఆసుపత్రిలో నర్సులను దేవతలంటారు. దేవతలకు భయం వేయదు, ఆకలి వేయదు, సెలవు అసలే అక్కర్లేదు. క్యాజువాలిటీలో పదకొండేళ్లుగా దేవతగా ఉన్న రోసిలీకి మాత్రం నెల రోజులుగా చెయ్యి వణుకుతోంది.

డాక్టరు ఆలస్యం చేశాడని ఒక రోగి కొడుకు సెలైన్ స్టాండుతో ఆమె వీపు మీద బాదాడు. డాక్టరు ఆ సమయంలో వెనక గదిలో టిఫినుకి పుట్టు తింటున్నాడు. వీపు వారంలో మానింది. కానీ బయట ఎవరైనా గొంతు పెంచితే చాలు, చేతిలో సూది గజగజలాడుతుంది. నిన్న ఒక పసివాడికి నరం దొరక్క నాలుగుసార్లు గుచ్చింది.

రెండు వారాలు క్యాజువాలిటీ తప్పించమని మేట్రన్ అన్నక్కుట్టిని అడిగింది.

"మీ మనసు తేలికపడాలనే శనివారం నవ్వుల క్లాసు పెట్టించాంగా, రాలేదా?"

"వచ్చాను మేడమ్. మధ్యలో అంబులెన్సు వచ్చింది. నవ్వు ఆపి పరుగెత్తాను."

"సరే, ఫారం నింపి ఇవ్వు. చూద్దాం."

ఫారంలో గళ్లున్నాయి: రోగి జారిపడుట, మందు మారుట, పరికరము చెడుట. నర్సు దెబ్బలు తినుటకు గడి లేదు. అలాంటివి జరుగుతాయని ఫారం రాసిన పెద్దలకు ఎవరూ చెప్పలేదు పాపం. రోసిలీ చివరి గడిలో టిక్కు పెట్టింది. పరికరం పేరు: రోసిలీ. లోపం: చెయ్యి వణుకుట.

మేట్రన్ అలవాటు ప్రకారం చదవకుండా సంతకం పెట్టింది.

మర్నాడు మెషీన్లు బాగుచేసే షిబు సంచీతో దిగాడు. "ఏం చెడిపోయింది చేచీ?" అని అక్కను పిలిచినట్టే అడిగాడు.

నెల రోజుల్లో ఆమెను ఆ మాట అడిగిన మొదటి మనిషి అతనే. రోసిలీ చెయ్యి చాపి చూపించింది. ఏడవకూడదనుకుంటూనే ఏడ్చేసింది.

షిబు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆమె కళ్లు తుడుచుకున్నాక సంచీలోంచి ఎర్ర స్టిక్కరు తీశాడు. 'వాడరాదు.'

"నేను పరీక్షించి తీసేదాకా దీన్నెవరూ పీకకూడదు. రూలు మేట్రన్ గారిదే."

రోసిలీ పేరు బిళ్ల కింద ఆ స్టిక్కరు చూడగానే మేట్రన్ కుర్చీలోంచి లేచింది. "ఏంటా వేషం? రోగులు చూస్తే మన పరువేం కాను?"

"మీ సంతకమే మేడమ్."

మేట్రన్ ఫారం చదివింది, ఎట్టకేలకు. "నీ బదులు ఎవరిని వెయ్యను?"

"ఈసీజీ మెషీను మూలపడితే మూడు వారాలు ఆగారుగా. నేను రెండే అడిగాను."

పరువు కోసం ఒప్పుకున్నారు. రోసిలీని దుప్పట్ల గదిలో వేశారు. ఆసుపత్రి కూడా వెంటనే మేల్కొని ఫారం మార్చింది. కొత్త గడేమీ పెట్టలేదు. అడుగున ఒక వాక్యం చేర్చింది: 'సిబ్బంది పేర్లను పరికరాలుగా రాయరాదు.'

పద్నాలుగో రోజు షిబు పరీక్షకని గ్లాసు నిండా పాలు లేని టీ పోసి ఆమె చేతికిచ్చాడు. కారిడార్లో ఎవరో అరిచారు. టీ ఒలికి తెల్ల దుప్పటి మీద పడింది.

"ఇంకా కాలేదు చేచీ," అంటూ షిబు తన పుస్తకంలో మరో వారం రాసుకున్నాడు.