గడప దాటిన పానా

నట్టు మీద కటింగ్ ప్లేయరు పెట్టి తిప్పేవాణ్ణి చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. నిన్న పొద్దున మా ఎదురింటాయన తన కారు కింద దూరి అదే పని చేస్తున్నాడు. కిరసనాయిలూ తుప్పూ కలిసిన వాసన మా వరండా దాకా వచ్చింది. ప్లేయరు జారినప్పుడల్లా కీచుమని చప్పుడు. ఉండబట్టలేక వెళ్లి, "సరైన పానా లేదా నాయనా, నట్టు మూలలన్నీ అరిగిపోతున్నాయి" అన్నాను. "పోతే పోయిందిలెండి సార్, కొత్తది వేసుకుంటా" అన్నాడు. పోతే కొత్తది. ఇట్లాంటి మాటే ఒకప్పుడు ప్రొద్దుటూరులో ఒక శనక్కాయల మిల్లు యజమాని ఖాసింబీతో అన్నాడు. ఖాసింబీని మీరెవరూ చూసి ఉండరు. ఆమె గురించి ఊళ్లో మిగిలిందల్లా "ఇనుపముక్క కోసం కోర్టుకెక్కిన బీబమ్మ" అన్న వెక్కిరింత ఒక్కటే. అది విని విని నాకు విసుగెత్తింది, అందుకే ఇది రాస్తున్నాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో నేను ప్రొద్దుటూరులో ఒక సీనియరు గారి ఆఫీసులో చేరి ప్లీడరుగా బోర్డు పెట్టాను. కక్షిదారులు ఎక్కువగా జమ్మలమడుగు, పులివెందుల వైపు పల్లెల వాళ్లు. జమ్మలమడుగులో ఒక డాక్టరు గారు తన పాత ఇంగ్లీషు కారు వదిలించుకుంటుంటే కొన్నాను. ఆయన ఎంత సంతోషంగా వదిలించుకున్నాడో వారం తిరక్కుండానే నాకు అర్థమైంది. చిన్న రిపేరు కూడా ఇంటి దగ్గర మనమే చేసుకోవాలి. చేసుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ కారు నట్లవి ఇంగ్లండు వాళ్ల పాత కొలతలు. బజారులో దొరికే పానాల్లో ఒకటి ఎక్కదు, దాని పై సైజు వదులు. బ్రేకు బిగించే నట్టు కోసం ప్రొద్దుటూరు ఇనుపకొట్లన్నీ తిరిగాను. జమ్మలమడుగులో అడిగాను. పులివెందుల సంతలో పాత ఇనుము కుప్పలు కలబెట్టాను. కొట్లవాళ్లందరిదీ ఒకటే సలహా: "సందులో రేకుముక్క దూర్చి తిప్పప్పా." రేకుముక్క దూర్చి తిప్పితే పానా జారి నా వేళ్ల చర్మం లేచిపోయింది. ఆ సలహా ఇచ్చినవాళ్లలో ఒక్కడికీ కారు లేదు.

చివరికి ఒక లారీ డ్రైవరు ఖాసింబీ ఇల్లు చూపించాడు. పెన్నేటికి పోయే దారిలో చిన్న మిద్దె, ముందు నాపరాళ్లు పరిచిన వాకిలి. ఆమె అరుగు మీద కూర్చుని జొన్నలు చెరుగుతోంది. పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది. భర్త ఒక దొర దగ్గర డ్రైవరుగా చేశాడట. దొర దేశం విడిచిపోతూ కారు అమ్మేసి, పానాల పెట్టెను మాత్రం డ్రైవరుకిచ్చి పోయాడు. డ్రైవరు జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. ఆ పెట్టె ఆమెకు మిగిలింది.

నేను నమస్కారం పెట్టి సంగతి చెప్పాను.

"బండి యాడుంది?" అని అడిగింది.

"ఇంటి దగ్గర. పానా ఇస్తే సాయంత్రానికి తెచ్చిస్తానమ్మా."

"పానా గడప దాటదప్పా. బండి రావల్ల."

"బ్రేకు లేని బండిని ఎట్లా తోలుకురావాలమ్మా?"

"ఎద్దుల్ని కట్టి ఈడ్సుకురా," అని మళ్లీ చాటలో తల పెట్టింది.

కోపంతో ఇంటికి పోయాను. రెండు రోజులు మొండికేశాను. మూడో రోజు ఎద్దుల్ని కట్టి, బజారంతా నవ్వుతుండగా స్టీరింగు పట్టుకుని కూర్చుని వచ్చాను. ఆమె గోనెపట్టా పరిచి, పెట్టె తెరిచింది. లోపల చెక్కలో ఒక్కో పానాకు ఒక్కో గుంత. ఒక గుంత ఖాళీ. "అది మా ఆయన ఎవరికో అప్పిచ్చినాడు. ఎవరికని అడిగితే సచ్చేదాకా గుర్తుకు రాల్యా," అంది. నేను అడిగిన పానా తీసి చేతిలో పెట్టింది. నట్టు మీద పెట్టాను. కొంచెం కూడా ఆడలేదు. మణికట్టు తిప్పానంతే, నట్టు కదిలింది. ఆ సుఖం రేకుముక్కలు దూర్చేవాళ్లకు ఏం తెలుస్తుంది? పని అయ్యాక కిరసనాయిలు గుడ్డతో తుడిచి తన చేతికే ఇమ్మంది. ఏమివ్వాలంటే "నీకు తోసింది" అంది. వచ్చినవాళ్లు జొన్నలిచ్చేవాళ్లు, కట్టెలిచ్చేవాళ్లు, చేతిలో ఉన్నది పెట్టిపోయేవాళ్లు. దాంతోనే ఆమె రోజులు గడిచేవి. ఊరు మాత్రం ఆమెను పిసినారి అనేది. ఒక్క పూట అప్పియ్యడానికి చేతులు రాని మనిషి అనేది.

ఆ తర్వాత చాలాసార్లు ఆ వాకిట్లోకి పోయాను. పోను పోను నాకు తెలిసిందేమిటంటే, ఆ పెట్టె లేకపోతే ఆమె పులివెందులలో మరిది ఇంటికి పోవాల్సిందే. మరిది అప్పుడప్పుడూ వచ్చి, "పెట్టె అమ్మేసి రా వదినా, పిల్లోల్ని సూసుకుంటా మా ఇంట్లోనే పడి ఉందువు" అనేవాడు. వాడు వెళ్లాక ఒకసారి నాతో అంది: "పడి ఉండేదానికి నేనేమన్నా మూటనా? ఈ ఇంట్లో ఎవరొచ్చినా నన్నడిగి పెట్టె ముడతారు. ఆ ఇంట్లో నీళ్లు తాగల్లన్నా నేను అడగల్ల."

ఒక శుక్రవారం ఆమె కడప దర్గాకు పోయింది. ఇంట్లో మరిది ఉన్నాడు. మిల్లు యజమాని మనిషి వచ్చి, జీపు నట్టు ఒకటి ఊడడం లేదు, పానా కావాలన్నాడు. ఆ జీపు యుద్ధంలో మిగిలిన అమెరికా సరుకు. దాని కొలతలు వేరు. మరిదికి అవన్నీ ఎందుకు? అంతటి పెద్దమనిషి అడిగితే లేదంటామా అని, పెట్టెలో కంటికి నచ్చిన పానా తీసి ఇచ్చేశాడు. అది నా బ్రేకు నట్టుకు సరిపోయే పానానే. మిల్లులో అది జీపు నట్టుకు ఎక్కలేదు. అప్పుడు వాళ్లు ఏం చేయాలి? తిరిగి పంపాలి. వాళ్లేమో ఆకురాయితో దాని దవడలు లోపలివైపు రాపించి, వెడల్పు చేసి, నట్టుకు సరిపోయేట్టు చేసుకుని, పని చేసుకుని, ఆ తర్వాత పంపారు. ఎవరి వస్తువు అది? అడగాలని ఒక్కడికీ తోచలేదు.

ఖాసింబీ దాన్ని చూడగానే మిల్లుకు పోయింది. అక్కడ జరిగింది తర్వాత నాకు చెప్పింది. యజమాని నవ్వి, బజారు పానాల కట్ట ఒకటి తెప్పించి ఆమె ముందు పడేయించాడట.

"ఇనుపముక్కకు ఇంత రాద్ధాంతం ఏందిమే? అది పోతే పోయె, కొత్తవి పది తీస్కపో."

"పది వద్దు సామీ. నాది ఎట్లుండెనో అట్ల ఇయ్యండి. లేదంటే సెడగొట్టినామని సెప్పండి."

"నీకు నేను సెప్పేదేంది?" అని ఆయన లోపలికి పోయాడు.

ఆమె అక్కడినుంచి నేరుగా మా ఆఫీసుకు వచ్చింది. కొంగులోంచి పానా తీసి బల్ల మీద పెట్టి, "కేసు ఎయ్యప్పా" అంది. నేను దాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఆకురాయి గీతలు కొత్తగా మెరుస్తున్నాయి. నాకు కళ్లు తిరిగేంత కోపం వచ్చింది. మా సీనియరు గారు పక్కగదిలోంచి విని పిలిచారు. "ఇనుపముక్క మీద దావా ఏందయ్యా? బార్‌లో నవ్విపోతారు. పైగా మిల్లాయన పనులన్నీ మన దగ్గరికే వస్తాండాయి" అన్నారు. ఇదే మిల్లాయన చేని గట్టు మీద చింతచెట్టు కొమ్మ ఎవరో కొట్టుకుపోయారని మా సీనియరు గారే మూడేళ్లు దావా నడిపారు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. కొమ్మ పెద్దమనిషిది గనక అది ఆస్తి, పానా ఖాసింబీది గనక అది ఇనుపముక్క. నేను దావా వేశాను. సీనియరు గారి ఆఫీసులో నా కుర్చీ అంతటితో పోయింది.

కోర్టులో ప్రతివాది ప్లీడరు ఆమెను బోనులో నిలబెట్టి వెటకారంగా అడిగాడు: "నువ్వు జన్మలో ఎప్పుడైనా నట్టు తిప్పినావా? పానా వదులైందని నీకెట్లా తెలుసు?"

"తిప్పలేదు సామీ. తిప్పినోల్లను సూసినా. సరిపోయిన పానాతో తిప్పేటోడు నట్టును సూస్తాడు. జారి ఏలు సీరుకున్నోడు నా మొగం సూస్తాడు."

మునసబు గారు తల దించుకుని రాసుకున్నారు. నేను నా కారును కోర్టు వాకిట్లోకి తెప్పించి, అందరి ముందూ ఆ పానాను నట్టుకు పెట్టించాను. జారింది. మరోసారి పెట్టించాను. మళ్లీ జారింది. తీర్పు మా పక్షానే వచ్చింది. ప్రతివాది వాది వస్తువును పాడుచేసినందుకు బజారు ధర ప్రకారం నష్టపరిహారం, కోర్టు ఖర్చులు. పానాను మునుపటిలా చేయించి ఇప్పించమనీ, తప్పు ఒప్పుకోమని ఆదేశించమనీ నేను అడిగినవి చట్టంలో కుదరవన్నారు. మిల్లు గుమాస్తా ఆ పూటే నవ్వుకుంటూ సొమ్ము కట్టేశాడు. నేను గెలిచానన్న సంబరంతో చెప్పబోతే ఖాసింబీ నన్ను ఎగాదిగా చూసింది.

"బజారు ధరనా? బజార్లో ఉంటే నువ్వెందుకప్పా ఎద్దుల్ని కట్టుకొని వస్తివి?"

బజారులో లేని వస్తువుకు బజారు ధర కట్టి, న్యాయం చేశామని అందరం ఇళ్లకు పోయాం.

ఆ పానా పాడయ్యాక ఇంగ్లీషు కార్లవాళ్లు రావడం తగ్గింది. మరిది మళ్లీ వచ్చి మూటాముల్లె సర్దుకోమన్నాడు. ఆమె కదల్లేదు. అప్పటికి ఊళ్లో కంట్రాక్టర్ల పాత జీపులు ఎక్కువవుతున్నాయి. రాపిడి పెట్టిన ఆ పానా ఆ జీపులకు సరిపోయేది. వాళ్లు ఒక్కొక్కరే వాకిట్లోకి రావడం మొదలైంది. ఆమె పొయ్యి ఆరలేదు. పులివెందుల బండి ఎక్కకుండానే, ఆ ఇంట్లోనే, ఎన్నో ఏళ్ల తర్వాత కన్ను మూసింది.

కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు. దావా ముగిసిన మరుసటి ఎండాకాలంలో మిల్లాయన జీపు మళ్లీ ఆ నట్టు దగ్గరే ఆగిపోయింది. ఊరంతా వెతికించాడు; బజారు పానాలు రాపిస్తే దవడలు పలచబడి విరిగిపోయాయి. దానికి సరిపోయే పానా ఖాసింబీ దగ్గర తప్ప లేదు. జీపును ఈడ్పించుకుని తానే వచ్చాడు. నేను ఆ వాకిట్లోనే ఉన్నాను. ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. ఆమె కసరలేదు, వెక్కిరించలేదు. పెట్టె తెరిచి, పానాను గోనెపట్టా మీద పెట్టింది.

"తీస్కోండి సామీ. ఇది ఎట్ల వదులైందో ఒక్క మాట సెప్పి తీస్కోండి."

ఆయన ముఖం నల్లబడింది. "ఎంత కావాలో సెప్పు, పారేస్తా" అన్నాడు.

"దుడ్లు వద్దు. మాట సెప్పండి."

ఆయన పానా వైపు చూశాడు, మా వైపు చూశాడు. వెనక్కి తిరిగి నడుచుకుంటూ పోయాడు. జీపును మిల్లుకు ఈడ్చుకుపోయారు. ఆ ఎండాకాలమంతా అది మిల్లు గేటు దగ్గర ఎండలో పడి ఉంది. మదరాసు నుంచి పానా వచ్చేదాకా ఆయన జట్కాలో తిరిగాడు. 'నేనే రాపించినా' అన్న రెండు మాటలు అనడం కన్నా అదే ఆయనకు సులువైంది. ఊరు ఎవరిని తప్పుపట్టిందో చెప్పనక్కర్లేదు. "పెద్దమనిషి గడపలోకి వస్తే కూడా పట్టు విడవలేదు, ఎంత పొగరో" అన్నారు. అన్నవాళ్లలో నా తోటి ప్లీడర్లూ ఉన్నారు.

నాకు వయసు మీదపడినా ఇంకా కొద్దిగా ప్రాక్టీసు ఉంది. నా దగ్గరికి వచ్చినవాళ్లను నీకు ఎంత రావాలి అని మొదట అడగను. వాళ్లు నీకేం చేశారు, ఏమని ఒప్పుకోవాలి అని అడుగుతాను. రాజీకి కూర్చున్నప్పుడు ఆ ఒక్క వాక్యం పైన రాసి, సొమ్ము సంగతి కింద రాస్తాను. ఎదుటివాళ్లు సొమ్ము దగ్గర పెద్దగా పేచీ పెట్టరు. కలం పట్టుకుని పై వాక్యం చదివి ఆగిపోతారు. "ఇంకొంచెం ఎక్కువే ఇస్తాం సార్, ఈ వాక్యం మాత్రం తీసేయండి" అంటారు.

నేను తీయను.