జెండా మడత

గువాన్ షౌరెన్‌గారు రాయబారిగా మూడు దేశాలకు వెళ్లారు. ఆ మూడూ తైవాన్‌తో తెగతెంపులు చేసుకుని బీజింగ్ పంచన చేరాయి. జెండా దించి తిరిగొచ్చిన ప్రతిసారీ ఆయన మాత్రం ఓ మెట్టు పైకెక్కారు. ఇప్పుడు తైపీలో విదేశాంగ ఉపమంత్రి. కోటు మీది జెండా బిళ్లను గంటకోసారి బొటనవేలితో తుడుచుకుంటారు. వచ్చినవాళ్ల ఊలాంగ్ టీ చల్లారిపోయేదాకా "మన మైత్రి కొండలాంటిది" అంటూనే ఉంటారు.

కార్యాలయం హాల్లో మిత్రదేశాల జెండాలు వరసగా నిలబెట్టి ఉంటాయి. ఆ ఉదయం ఆయన ఓ చిన్న దీవిదేశానికి మైత్రీయాత్ర బయల్దేరుతుంటే, హాలు తుడిచే యుయే సరిగ్గా ఆ దేశం జెండానే దించి మడుస్తోంది.

"ఇదేం పనమ్మా! వాళ్లింకా మన స్నేహితులే!"

"తమరు వెళ్తున్నారుగా అయ్యగారూ, ఎలాగూ దించాల్సిందే. రేపు మళ్లీ స్టూలెక్కాలంటే నా మోకాళ్లు సహకరించవు."

వెంట ఉన్న కార్యదర్శి చేతి గడియారం చూసుకున్నాడు. ఉపమంత్రిగారి మొహం జేవురించింది. బ్యాగు కింద పడేసి, ఆమె చేతిలోని జెండా లాక్కున్నారు. తిరిగి కర్రకు కడతారనుకున్నారంతా.

"అంచులు కలవలేదు, చూడు," అంటూ నేలమీద కూర్చుని, ఒక్క ముడత లేకుండా మడిచి ఆమె చేతికిచ్చి, విమానానికి వెళ్లిపోయారు.