రెండో పేరు పూర్తిగా

సర్వర్‌కి అదనంగా ఐపీ చిరునామాలు తగిలించేటప్పుడు నెట్‌మాస్క్, అంటే ఆ చిరునామా కిందికి ఎంత మేర వస్తుందో చెప్పే అంకె, ఎంత పెట్టాలని కొత్తగా చేరినవాళ్లు అడిగితే నాకు చిరాకు. మొదటిదానికి నెట్‌వర్కు మొత్తం పరిధి ఇవ్వండి, తర్వాత తగిలించే ప్రతిదానికీ ఆ ఒక్క చిరునామానే, చివరి అంకె దాకా, అంటాను. "అన్నీ ఒకే మిషనుకే కదండీ, అదే మాస్క్ పెడితే ఏం పోయింది?" అంటారు. ఏం పోతుందో నాకు తెలుసు. కంప్యూటరు మొహం చూడకముందే, డెబ్బైల చివర్లో, కొత్తపేట దగ్గర ఒక చిన్న పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే గుమస్తాగా ఉండి, నేనే ఆ తప్పు చేశాను.

దగ్గర్లో ఒక పేటలో చాలామందికి రెండేసి పేర్లు. చర్చిలో పెట్టింది ఒకటి, బడి రిజిస్టర్లో ఎక్కింది ఒకటి. ఇంటిపేరు మాత్రం సగం పేటకి ఒకటే. ఎవరి రెండో పేరు ఏమిటో పోస్ట్‌మ్యాన్ కోసం ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టడం నా పని.

టీచరు ట్రైనింగు పూర్తిచేసిన ఒకమ్మాయి వచ్చి చీటీ ఇచ్చింది. "రెండు పేర్లూ నేనేనండీ. ఉద్యోగం ఆర్డరు బడి పేరు మీదొస్తుందండి. ఆర్డరు మీద తేదీ నుంచి పదిహేను రోజుల్లో చేరిపోవాలంటండి" అంది.

నేను కూర్చున్నచోట కుదురుగా కూర్చోలేని మనిషిని. అప్పుడు బస్సు తొందర కూడా. చర్చి పేరు పూర్తిగా రాసి, దాని కింద బడి పేరుకి బదులు ఇంటిపేరూ పేటా రాసి పుస్తకం మూసేశాను. ఊళ్లో అందరికీ అందరూ తెలుసులే అనుకున్నాను.

ఆ అమ్మాయి రోజూ వచ్చేది. బడి పేరు నాకు గుర్తులేదు; పుస్తకంలో ఉన్న చర్చి పేరు కోసమే ఉత్తరాలు తిరగేసి, ఏమీ లేదండీ అనేవాణ్ణి. "ఆయ్, రేపొస్తానండి" అని వెళ్లిపోయేది. ఒకరోజు, "నాతో చదివినోళ్లకి వచ్చేసి చాలా రోజులయ్యిందండి" అంది. ఆ రోజు నుంచి నాకు కంగారు పట్టుకుంది. టపా సంచి విప్పీ విప్పకముందే చెయ్యి పెట్టి వెతికేవాణ్ణి. చివరికి పోస్ట్‌మ్యాన్‌ని నిలదీశాను.

"ఆ ఇంటిపేరుతో పోల్చుకోలేనివన్నీ పేటలో మొదటింట్లో ఇస్తన్నానండీ. పుస్తకంలో మీరలాగే రాసేరు కదండీ" అన్నాడు.

సైకిలు తీసుకుని పరిగెత్తాను. మొదటింటి ముసలావిడ చూరులోంచి కవరు లాగి ఇచ్చింది. "మా అబ్బాయొస్తే చదివిద్దామని దోపేను బాబూ" అంది. ఆవిడదేం తప్పు?

అమ్మాయి కవరు విప్పి తేదీ చూసుకుంది, వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. గడువు దాటి రెండు రోజులైంది. మర్నాడు తండ్రితో విద్యాశాఖ ఆఫీసుకి వెళితే, ఆ ఖాళీ జాబితాలో తర్వాతివాళ్లకి ఇచ్చేశామన్నారట. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. క్షమించమన్నాను. "ఆయ్" అంది, అంతే.

ఏడాది తర్వాత మళ్లీ ఉద్యోగాలు పడ్డాయి. మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చింది. ఈసారి ఏమైనా వచ్చిందా అని అడగలేదు.

"మీరు చూడొద్దండి. ఆ కట్ట ఇటివ్వండి, నేనే చదువుకుంటాను" అంది.

అలా ఇవ్వకూడదు. ఇచ్చాను.