పశువుల కొట్టంలో మిలటరీ లారీ

మా చిన్నతనంలో మా కొట్టంలో బర్రె ఉండేది కాదు... మిలటరీ లారీ ఉండేది. బర్రె బయట వానలో తడిసేది.

మాది చొప్పదండి పక్కన ఊరు. మేము నాన్నను బాపు అనేవాళ్లం, అమ్మను అవ్వ. బాపు వయసులో ఉన్నప్పుడు మిలటరీలో డ్రైవరు. కొండల మీద ఉన్న జవాన్లకు సామాను చేరవేసేవాడట. ఇంటికి తిరిగొచ్చాక జమ్మికుంట మార్కెట్టుకు పత్తి తోలే లారీలు నడిపాడు. ఎవరిదో బండి... ఎవరితోనో మాట పడటం.

ఒకసారి పనిమీద హైదరాబాదు పోయిన మనిషి, మిలటరీ వాళ్లు వేలంలో తీసేసిన పాత లారీని కొని, ఇంకో లారీకి కట్టి లాక్కొచ్చాడు. ఒకప్పుడు తాను నడిపిన రకమే. అద్దాలు లేవు, సీట్లు లేవు. ఇంజనంతా తుప్పు.

అవ్వ వాకిట్లోకి వచ్చి చూసింది. "గిదేందయ్యా... గీ ఇనుప కుప్ప?"

"ఎవలి బండో ఎన్నేండ్లని తోలాలె? ఇది మంచిగ జేస్కుంటే మన బండి మనకు. పత్తి ఏరేటాల్లకు తయారైతది సూడు."

ఆ ఏటి పత్తి ఏరడం అయిపోయింది. మరుసటి ఏటిదీ అయిపోయింది... లారీ కొట్టంలోనే ఉంది.

బాపు డ్యూటీ దిగి ఇంటికి రాగానే చొక్కా విప్పి లారీ కిందికి దూరేవాడు. ఇంజను విప్పి వసారాలో గోనెసంచుల మీద పరిచాడు. నేను వాటిని దాటుకుంటూ బడికి పోయేదాన్ని. ఆదివారం చర్చిలో చేతులు జోడిస్తే ఆయన గోళ్లలో గ్రీసు కనపడేది. ఒకసారి అవ్వ నీళ్లు నింపుకునే గోలెంలో తుప్పు నట్లన్నీ వేసి కిరోసిన్ పోశాడు... చాలా రోజులు మా అన్నం కూడా అదే వాసన.

అవ్వ పొద్దంతా పత్తి ఏరి వచ్చేది. కాయల మొనలు గీరుకుని వేళ్లు మండుతుండేవి. ఆ వేళ్లతోనే బాపు నూనె బట్టలు ఉతికేది. మొదట్లో పోట్లాడేది... తర్వాత తర్వాత పోట్లాడటం కూడా మానేసింది.

ఒకరోజు మేము చేను నుంచి వచ్చేసరికి ఇంటికి పెరటి తలుపు లేదు. మంచి టేకు తలుపు అది. బాపు దాన్ని కోసి లారీ వెనక భాగంలో అడుగు పలకలుగా బిగిస్తున్నాడు. తలుపు ఉండాల్సిన చోట గోనెపట్టా వేలాడుతోంది. కుక్క లోపలికి దూరి, పొద్దున వండిపెట్టిన కుండ పడేసి పోయింది.

అవ్వ నేలమీది మెతుకులు ఎత్తింది, మళ్లీ పొయ్యి అంటించింది. తెల్లవారి చిన్న పెట్టె సర్దుకుని, ఇంకా బడికి పోని తమ్ముణ్ణి చంకనేసుకుంది.

"యాడికి?" అన్నాడు బాపు.

"నిర్మల్‌ల అక్క దగ్గరికి. కోపం లేదు నాకు... ఇగ నాకు సేతనైత లేదు. గంతే."

బడి పోతుందని నన్ను బాపు దగ్గరే ఉంచింది.

ఆ తర్వాత బాపు వండిన అన్నం ఒకరోజు మాడేది, ఒకరోజు పలుకయ్యేది. ఒక సాయంత్రం ఆయన లారీ ముందు హ్యాండిల్ పెట్టి తిప్పుతుంటే... గుప్పున నల్లటి పొగ, ఆ వెనకే పెద్ద చప్పుడు. బర్రె తాడు తెంపుకుని ఉరికింది. ఇంజను ఆగకుండా ఆడుతూనే ఉంది.

బాపు సంబరంతో ఎగురుతాడనుకున్నాను. రాడ్డు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"మీ అవ్వ ఉంటే మంచిగుండు బిడ్డా..." అన్నాడు. అని ఇంజను ఆపేశాడు.

మర్నాడు బండిని ఊళ్లో తిప్పలేదు. వడ్లాయన ఇంటికి పోయి కొత్త తలుపు చేయించాడు. అది బిగించాకనే నన్ను ఎక్కించుకుని నిర్మల్ బయల్దేరాడు. దారిలో జనం ఆగి ఆగి చూశారు. బాపు ఎవరి వైపూ చూడలేదు.

పెద్దమ్మ ఇంటి ముందు ఆగి, ఆయన అన్న మొదటి మాట, "పెరటి తలుపు పెట్టిన."

అవ్వ బండిని ఒకసారి పైనుంచి కిందికి చూసింది. "అయితే వస్త. కానీ నీ బండిల గాదు... బస్సుల."

అన్నట్టే తమ్ముణ్ణి తీసుకుని బస్సెక్కింది. మేము వెనక లారీలో. గోదావరి వంతెన దాటే దాకా బస్సు వెనక అద్దంలో తమ్ముడి మొహం కనపడింది. ఆ తర్వాత ఒక ఎత్తు ఎక్కుతుండగా రేడియేటర్ నుంచి ఆవిరి లేచింది. లారీ ఆగిపోయింది. బస్సు మూల తిరిగి వెళ్లిపోయింది.

బాపు దిగి మెట్టు మీద కూర్చుని రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. ఆయన్ని అట్లా నేనెప్పుడూ చూడలేదు.

కాసేపటికి రోడ్డు మలుపు దగ్గర ఎవరో నడిచొస్తున్నారు... నెత్తిన పెట్టె, చేతిలో పిల్లాడు. అవ్వ! వెనక లారీ కనపడకపోయేసరికి బస్సు ఆపించి దిగేసింది.

వస్తూనే లారీలో ఉన్న బకెట్ తీసుకుని పక్క చేను బావి నుంచి నీళ్లు తెచ్చింది. "జర సల్లారనియ్, అప్పుడు నీళ్లు పోద్దాం," అన్నాడు బాపు. ఆమె వచ్చి మెట్టు మీద ఆయన పక్కనే కూర్చుంది.

"అలిసినవా?" అంది.

"బాగ అలిసిన."

"నేను గూడ."

ఇంజను చల్లారే దాకా అట్లాగే కూర్చున్నారు. తర్వాత అందరం ఆ లారీలోనే ఇంటికొచ్చాం.

ఆ బండి కొన్నేళ్లు మా పత్తీ, ఊరి పత్తీ మోసింది. తర్వాత స్పేరు సామాను దొరకక ఆగిపోయింది, పాత ఇనుము వాళ్లు వచ్చి తీసుకుపోయారు. బాపు పోయాడు, అవ్వా పోయింది...

ఇప్పుడు నిర్మల్ రోడ్డు ఎంత నున్నగా ఉందో! నేనూ మా ఆయనా డ్రైవరును పెట్టుకుని కార్లో పోతుంటాం. కారు వేడెక్కదు... ఎక్కడా ఆగాల్సిన పని పడదు. ఇద్దరం అలిసిపోయే ఉంటాం, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటూ ఇల్లు చేరతాం.

మీ ఇంట్లోనూ ఇట్లా ఒకరి పట్టుదలకు ఇంకొకరు అలిసిపోయిన రోజులు ఉండే ఉంటాయి... కింద రాయండి. తీరిగ్గా కూర్చుని చదువుతాను.